రెక్కల గైడు

ఆమెను అందరూ పిన్ని అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన పళ్ల డాక్టరు కూడా అలాగే పిలుస్తాడు. ఆ పిలుపు వల్ల ఆమె భర్త, ఏ పాపం ఎరగని మనిషి, అందరికీ బాబాయ్ అయిపోయాడు.

పిన్ని ఉద్యోగం కళ్లద్దాల దుకాణంలో. వెనక గదిలో. గుండ్రటి అద్దాన్ని ఫ్రేములో కూర్చునేలా అరగదీయడం ఆమె పని. రాయి తిరుగుతుంది. నీళ్లు కారుతుంటాయి. అద్దం అంచు తెల్లటి పొడిగా రాలుతుంది. ఆ పొడి సాయంత్రం దాకా ఆమె వేళ్ల గీతల్లో ఉంటుంది. చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న స్కేలు ఉంటుంది, రెండు కంటిపాపల మధ్య దూరం కొలిచేది. ఎవరితో మాట్లాడుతున్నా ఆమె చూపు ముందు వాళ్ల ముక్కు మీద ఆగుతుంది.

"నా ముక్కు మీద ఏముందని అలా చూస్తావు?" అని ఆడపడుచు ఒకసారి నిలదీసింది.

"ముక్కు బాగానే ఉంది వదినా. అద్దాలే ఎడమవైపు దిగాయి."

ఒక ఆదివారం పొద్దున పిన్ని వాటర్ వర్క్స్ వెనక మైదానం మీదుగా అడ్డదారిన వస్తోంది. తెల్లటిదేదో గాలిలో జారుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర వాలింది. వంగి తీసింది. దాన్ని పట్టుకున్నట్టు చేతికి తెలియలేదు. సన్నటి కర్ర, పల్చటి కాగితం, పొడవాటి రెక్కలు. మెడలో విజిల్ వేసుకున్న ముసలాయన ఒకాయన పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చాడు.

"ఇంజను ఎక్కడుంది దీనికి?" అని అడిగింది.

"లేదమ్మాయ్. ఇది గ్లైడరు. గాలి ఎంత దూరం తీసుకెళ్తే అంత దూరం."

ఆ రోజు ఇంటికి ఆలస్యంగా వెళ్లింది. తర్వాతి ఆదివారం కావాలనే వెళ్లింది. ఆ తర్వాత మానలేదు.

ముసలాయన పేరు ఎవరూ పలకరు. కెప్టెన్ అంటారు. బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. గ్లైడరు విసిరే ముందు విజిల్ ఊది, "రైట్, రైట్" అంటాడు. ఆ మాట వినపడకుండా మైదానంలో ఏదీ గాలిలోకి లేవదు. ఆయన పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. గ్లైడరు ఎవరూ ఒంటరిగా చేయకూడదు. ఎడమ రెక్క ఒకరు చేయాలి, కుడి రెక్క ఇంకొకరు. ఎవరింట్లో వాళ్లు చేసుకుని ఆదివారం మైదానానికి తేవాలి. అక్కడ రెండింటినీ ఉక్కు తీగతో కలపాలి. ఎగిరితే ఇద్దరిదీ. పడితే ఇద్దరిదీ. అందుకే ఆ బృందంలో గొప్పలు పోయేవాళ్లు లేరు. పోట్లాడేవాళ్లు మాత్రం ఉన్నారు.

రెక్కలు ఎప్పుడూ సరిపోయేవి. ఇద్దరూ ఒకే కాగితం మీద నుంచి గీత దించుకునేవాళ్లు కాబట్టి.

ఆ కాగితాలు కెప్టెన్‌వి. పార్సిళ్లు చుట్టే గోధుమ రంగు కాగితం మీద ముప్పై ఏళ్లుగా గీసినవి. ప్రతి గీత పక్కనా వివరం. కుడివైపు వాలిన గుండ్రటి అక్షరాలు, బస్సులో నిలబడి రాసినట్టు. గీసిన ప్రతి నమూనా కింద చివర్లో "రైట్ రైట్" అని ఉంటుంది. వాటిని చుట్టి ఒక నీళ్ల పైపు ముక్కలో పెట్టుకుని తిరుగుతాడు. మడతలు చిరిగాయి. జిగురు మరకలు పడ్డాయి. ఇంకో వాన తట్టుకునేలా లేవు.

కాబట్టి గైడు చేయాలనుకున్నారు. ఆన్‌లైన్లో పెడితే బృందంలో అందరూ చూసుకోవచ్చు. ఎక్కడో ఉన్నవాళ్లూ చూసుకోవచ్చు. మైదానం నుంచి నేరుగా పళ్ల డాక్టరు క్లినిక్‌కు వెళ్లారు. ఆదివారం పేషెంట్లు రారు, కుర్చీలుంటాయి. గోడ మీద పెద్ద దవడ బొమ్మ. దాని కింద కూర్చున్నారు.

ఏ రకం ఫైలు చేయాలన్నది ప్రశ్న.

"నా దగ్గర గీతలు గీసే సాఫ్ట్‌వేరు ఉంది. కట్టుడు పళ్ల కోసం కొన్నాను. వెంట్రుకవాసి తేడా రాదు," అన్నాడు డాక్టరు.

"ఆ ఫైలు మా ఫోన్లలో తెరుచుకుంటుందా?" అంది పిన్ని.

"తెరుచుకోదు. క్లినిక్‌కి వస్తే తెరిచి చూపిస్తాను."

"అంటే రెక్క కొలత కావాలంటే పన్ను పీకించుకోవాలి."

"పీకనులే పిన్నీ. శుభ్రం చేసి పంపిస్తా."

సైకిల్ షాపాయన తన ఫోను పైకెత్తి చూపించాడు. అద్దం మీద బీట. "ఇందులో ఫొటో అయితే తెరుచుకుంటుంది. ఇంకేదైనా పంపితే గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది. ఇప్పుడే చెప్తున్నా."

కెప్టెన్ పైపు ముక్కను మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏదైనా చేయండి. నేను ఒక్కటే అడుగుతున్నా. ఇంట్లో కూర్చుని, ఎవర్నీ పిలవకుండా, నా అంతట నేను చదువుకునేలా ఉండాలి. అది చాలు." పైపును పిన్ని చేతికిచ్చాడు. "అమ్మాయ్, ఆ సంగతి నువ్వు చూడు."

బాబాయ్‌ది జిరాక్సు షాపు. అక్కడ నేల మీద కాగితాలు పరిచారు. పిన్ని స్టూలెక్కి ఫోనుతో ఫొటోలు తీసింది. కాగితాలు చుట్టుకుపోతుంటే బాబాయ్ ఒక మూల స్టేప్లరు పెట్టాడు, ఒక మూల పంచింగు మిషన్ పెట్టాడు, మూడో మూల తన కాలు పెట్టాడు.

"నా కాలు కూడా పడుతోంది గైడులో."

"బొటనవేలేగా. ఉండనివ్వండి. దానికీ పేరొస్తుంది."

ఫొటోలే ఆమె ఎంచుకుంది. అందరి ఫోన్లలో తెరుచుకుంటాయని చెప్పింది. అది నిజమే. కానీ అసలు సంగతి ఆ చేతిరాత. దాని మీద ఆమెకు మమకారం. కుడివైపు వాలిన ఆ అక్షరాలు లేకపోతే అది కెప్టెన్ గైడు ఎలా అవుతుంది? ఫొటోలు వరసగా పెట్టింది. అందరూ బాగుందన్నారు. కెప్టెన్ కూడా బాగుందన్నాడు.

తర్వాతి గ్లైడరుకు ఎడమ రెక్క పిన్నికి, కుడి రెక్క డాక్టరుకు వచ్చాయి. ఈసారి గీత దించుకోవడం లేదు. ఫొటో ప్రింటు తీసుకోవడమే. ఆమె బాబాయ్ షాపులో తీసుకుంది. ఆయన క్లినిక్‌లో తీసుకున్నాడు. పక్కటెముకల్లా ఉండే సన్నటి బద్దలు కోశారు, అతికించారు, కాగితం తొడిగారు. ఆదివారం తెచ్చి గడ్డి మీద పెట్టి తీగతో కలిపారు.

అందరూ వంగి చూశారు.

"ఇది అన్న రెక్క. అది తమ్ముడి రెక్క," అన్నాడు సైకిల్ షాపాయన.

"మీరు చిన్నది చేశారు పిన్నీ."

"మీరే పెద్దది చేశారు డాక్టరుగారూ."

"నేను గైడు ప్రకారమే చేశాను."

"నేను గైడు చేసినదాన్ని."

కెప్టెన్ మధ్యలోకొచ్చి గ్లైడరు అందుకున్నాడు. రెండు రెక్కల మీదా బొటనవేళ్లు మెల్లగా జరిపాడు, మొదలు నుంచి చివరి దాకా. "ఎగరేద్దాం," అన్నాడు. విజిల్ ఊదాడు. "రైట్, రైట్."

అది లేచింది. ఎడమకు ఒరిగింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. మూడో చుట్టులో కిందికి దిగి, తొందరేమీ లేనట్టు వచ్చి, డాక్టరు టోపీ మీద కూర్చుంది.

కెప్టెన్ నవ్వి నవ్వి గడ్డి మీద చతికిలబడ్డాడు. "తిరిగి ఇంటికొచ్చే విమానం! ఇన్నేళ్లలో నావల్ల కాలేదమ్మాయ్. నువ్వు చేశావు."

పిన్ని కూడా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే ఒకటి గమనించింది. గ్లైడరు తిరిగినప్పుడు అందరి తలలూ దానితో తిరిగాయి. కెప్టెన్ తలా తిరిగింది. కానీ ఆయన చూపు గ్లైడరు మీద లేదు. దానికి జానెడు పక్కన ఉంది.

ఆ మధ్యాహ్నం జిరాక్సు షాపులో రెండు ప్రింట్లూ గోధుమ కాగితం పక్కన పెట్టి, తన చిన్న స్కేలుతో కొలిచింది. ఆమె ప్రింటు కాగితం మీది గీతకంటే కురచ. డాక్టరుది పొడుగు.

"మన మిషన్ మర్యాదస్తురాలు. అంచు తగలకుండా లోపలికి సర్దుకుంటుంది," అన్నాడు బాబాయ్.

"డాక్టరుగారిది?"

"అది పేజీ నిండా కాళ్లు చాపుకునే రకంలా ఉంది."

ఫొటోకు తన సైజు తనకు తెలియదు. ఎంత చోటిస్తే అంత అవుతుంది. ఒకే కాగితం నుంచి ఇద్దరు గీత దించుకున్నన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ అవసరం పడలేదు. పిన్నికి తలకొట్టేసినట్టయింది. కొలతతో బతికే మనిషి కొలత లేనిదాన్ని ఎంచుకుంది.

అయినా దాన్ని సరిచేయడం ఎంతసేపు అనుకుంది. ఒక గీత చేర్చి, పక్కన దాని పొడవు రాస్తే చాలు. ఫొటోలు ఉంచేయవచ్చు. చేతిరాత ఉంచేయవచ్చు.

ఆ వారంలోనే కెప్టెన్ కళ్లద్దాల దుకాణానికి వచ్చాడు. ఫ్రేము పుల్ల వదులైంది. పిన్ని మర బిగించింది. ఆయన అద్దాలు పెట్టుకున్నాక, సంతోషపెడదామని ఫోను తీసి ఇచ్చింది. "చూడండి, మీ అక్షరాలు ఎంత చక్కగా పడ్డాయో."

ఆయన ఫోను అందుకున్నాడు. దగ్గరగా పెట్టుకున్నాడు. కాస్త పక్కకు జరిపాడు.

"అబ్బ! అచ్చు నా రాతే. బస్సు కుదుపు కూడా పడింది చూడు."

ఆమె ఫోను వెనక్కి తీసుకుంది. తెర మీద ఉన్నది గైడు కాదు, వేలు తగిలి పక్క ఫొటోకు జారింది. బాబాయ్ తన షాపు ముందు పెట్టిన బోర్డు ఫొటో. కలర్ ప్రింట్లు, స్పైరల్ బైండింగు, లామినేషను. నిటారుగా నిలబడ్డ పెద్ద పెద్ద అక్షరాలు.

ఆయన ముక్కు మీద అద్దాలు సరిచేసింది. అవి సరిగానే ఉన్నాయి. మళ్లీ సరిచేసింది.

"పవరు మార్చి చూద్దామా?"

"మార్చినా లాభం లేదన్నాడు కంటి డాక్టరు. మధ్యలో మసక. చుట్టూ బానే ఉంది." ఆయన నవ్వాడు. "ఇప్పుడు నీ మొహం తప్ప దుకాణమంతా కనిపిస్తోంది. పర్లేదులే, నీ మొహం నాకు గుర్తుంది. ఎవరికీ చెప్పకమ్మాయ్. చెబితే నా చేత విజిల్ తీయించేస్తారు."

"చెప్పను."

"గైడు బాగా చేశావు. అందరూ అంటున్నారు."

ఆయన వెళ్లాక ఆమె రాయి తిప్పలేదు. క్లినిక్‌లో ఆ రోజు ఆయన అడిగింది ఒక్కటే. మిగతావాళ్లందరికీ చేసింది. ఆయనకే చేయలేదు.

ఆదివారం మైదానంలో, గైడులోంచి ఫొటోలు తీసేస్తున్నానని చెప్పింది. అక్షరాలు విడిగా టైపు చేయాలంది.

"చేతిరాత పోతుంది కదా పిన్నీ," అన్నాడు డాక్టరు. "అందులోనే కదా ఆయన ఉన్నది?"

"నాకూ అదే బాధ. కానీ ఫొటోలో మాట దిద్దలేం. పెంచితే మసకబారుతుంది. ఫోను చదివి వినిపించలేదు."

"చదివి ఎందుకు వినిపించాలి? మనమేమైనా పసిపిల్లలమా?"

ఆమె కెప్టెన్ దగ్గరకు వెళ్లి పక్కన కూర్చుంది. "మీ రాత ఉంచాలా, మాట ఉంచాలా? రెండూ ఒకచోట ఉండేలా లేవు."

ఆయన గడ్డి పరక తెంపి వేలికి చుట్టుకున్నాడు. అర్థమైనట్టుంది.

"రాతదేముందమ్మాయ్. టికెట్ల వెనక రాసీ రాసీ అలా వంగిపోయింది. మాట ఉంచు."

అప్పట్నుంచి ఆయన రోజూ మధ్యాహ్నం జిరాక్సు షాపుకు వచ్చేవాడు. కళ్లద్దాల దుకాణం భోజనానికి మూసే వేళ అది. పిన్ని కాగితం చదివేది, ఆయన సరే అనేవాడు, ఆమె టైపు చేసేది. కొద్ది రోజులకు ఆయన సరే అనడం మానేసి కథలు మొదలుపెట్టాడు. కాగితం మీద లేనివన్నీ బయటికొచ్చాయి. ఏ కర్రను గోటితో నొక్కి చూడాలి, ఏ గాలికి ముక్కు బరువు తగ్గించాలి, ఏ గడ్డిలో పడితే రెక్క బతుకుతుంది.

"జిగురు ఎంత పెట్టాలి?"

"దోమ కన్నీళ్లంత."

"అలాగే రాయమంటారా?"

"రాయి."

"దోమ ఏడవడం మీరెక్కడ చూశారు?" అన్నాడు బాబాయ్ కౌంటరు దగ్గర నుంచి.

"ఇక్కడే. నీ షాపులో కుట్టడానికి ఎవరూ రాకపోతే ఏడ్చింది."

బాబాయ్ మిషన్ ఆపి మరీ నవ్వాడు.

గైడు అలా తయారైంది. మాటలన్నీ మామూలు అక్షరాలు, ఏ ఫోనులోనైనా తెరుచుకునేవి. సైకిల్ షాపాయన ఫోను కూడా తిరగడం మాని తెరిచింది. బొమ్మలన్నీ డాక్టరు తన సాఫ్ట్‌వేరులో మళ్లీ గీశాడు. గీసి, అందరూ తెరవగలిగే రకంలోకి మార్చాడు. ఎంత పెంచినా గీత గీతలాగే ఉంటుందని చిన్నపిల్లాడిలా పెంచి పెంచి చూపించాడు. ప్రింటు కోసం వేరే పీడీఎఫ్. అది తన కొలత తనతో మోసుకొస్తుంది. అయినా మిషన్లను నమ్మలేక ప్రతి పేజీ మూలా ఒక గీత, పక్కన "ఇది పది సెంటీమీటర్లు ఉందో లేదో చూసి కోయండి" అన్న మాట. కర్ర రంగు తెలియాల్సిన చోట మాత్రం ఫొటోలు.

పిన్ని ఒక్క విషయంలో పట్టు విడవలేదు. ప్రతి బొమ్మ కిందా అందులో ఏముందో మాటల్లో రాయాలి.

"బొమ్మ కళ్లెదురుగా ఉంటే మళ్లీ మాటలెందుకు పిన్నీ?"

"చూడని మనిషికి చెప్పినట్టు రాయండి."

"చూడకుండా గ్లైడరు ఎవరు చేస్తారు?"

"రాయండి డాక్టరుగారూ."

"మా ప్రొఫెసరు కూడా నన్నింత సాధించలేదు," అని గొణుక్కుంటూ రాశాడు. బాగా రాశాడు.

చేతిరాత ఒక్కచోట ఉంచింది. మొదటి పేజీలో, గోధుమ కాగితం మూల ఫొటో. దాని కింద: "కెప్టెన్ చేతిరాత. రైట్ రైట్."

కెప్టెన్ ఫోనులో గైడు పెట్టింది. ఎక్కడ నొక్కితే చదువుతుందో ఆయన వేలు పట్టుకుని చూపించింది. ఆయన తల ఊపాడు. విజిల్ సర్దుకుని వెళ్లిపోయాడు.

తర్వాత గైడు ఊసెత్తలేదు. ఆదివారాలు వచ్చాడు, విజిల్ ఊదాడు, వెళ్లాడు. పిన్ని అడగాలనుకుంది. నోరు రాలేదు. బాగుందంటాడేమోనని భయం. ఇదివరకూ బాగుందనే అన్నాడు.

ఒక పొద్దున దుకాణం తలుపు దడాలున తెరుచుకుంది. కెప్టెన్ నేరుగా వెనక గదిలోకే వచ్చేశాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఎవరమ్మాయ్ రాసింది, ఆ రెక్క ఆరబెట్టే సంగతి?"

"ఏమైంది?"

"కాగితం తొడిగి, నీళ్లు చిలకరించి, తాడుకు వేలాడదీయమంటుంది ఆవిడ."

"ఏ ఆవిడ?"

"ఫోనులో ఆవిడ! గాలి అన్నా జిగురు అన్నా ఒకటే గొంతు, మా పాత డిపో మేనేజరులాగా. సరే, భరించాను. కానీ వేలాడదీస్తే రెక్క మెలి తిరిగిపోదూ? బల్ల మీద పరిచి పైన పుస్తకాలు పేర్చాలి. మొన్న చేరినవాడికి కూడా తెలుసు. బుర్ర ఉన్నవాడు రాసే మాటేనా అది? ఎవడు వాడు?"

పిన్ని రాయి ఆపింది. నీళ్లు కట్టేసింది.

"మీరే."

"నేనా?"

"గోధుమ కాగితం. ఎడమ పక్క. ఈ కళ్లతో చదివాను. మీరేమో కథలో పడి వినలేదు."

"ముప్పై ఏళ్లలో నేను ఒక్క రెక్క కూడా వేలాడదీయలేదు."

"ముప్పై ఏళ్లలో మీరు రాసింది ఒక్కసారి కూడా చదువుకోలేదు."

ఆయన పగలబడి నవ్వాడు. ఏమైందోనని ముందు గదిలోంచి యజమాని తొంగి చూశాడు. పిన్ని పొడి చేతుల్తో మొహం తుడుచుకుంది. చెంపలు తెల్లబడ్డాయి.

"ఎంతవరకూ విన్నారు?"

"మొత్తం. ఇప్పుడు రెండోసారి నడుస్తోంది. నేను ముప్పై ఏళ్లు చెబితే వినని మనిషి ఫోనావిడ మాట వింటున్నాడని మా ఆవిడ దెప్పుతోంది." ఫోను ముందుకు చాచాడు. "దిద్దు. ఇప్పుడే."

ఆమె నిలబడే దిద్దింది. వేలాడదీయడం తీసేసింది. బల్ల, పుస్తకాలు చేర్చింది. ఫోను తెర మీద తెల్లటి వేలిముద్రలు పడ్డాయి. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆవిడ ఒకే గొంతుతో కొత్త మాట చదివింది.

"ఆఁ. ఇప్పుడు బుర్ర ఉన్నవాడు రాసినట్టుంది," అన్నాడు.

ఆదివారం కెప్టెన్ కుడి రెక్క తెచ్చాడు. గైడు వింటూ, వేళ్లతో తడుముకుంటూ చేసింది. ఎడమ రెక్క పిన్నిది. గడ్డి మీద పెట్టి తీగ దూర్చారు. డాక్టరు వంగి ఇటు చూశాడు, అటు చూశాడు. సైకిల్ షాపాయన అన్నదమ్ముల మాట ఎత్తబోయి, నోరు మూసుకున్నాడు. కవల పిల్లల్లా ఉన్నాయి.

విజిల్ మోగింది. "రైట్, రైట్."

తెల్లటి గ్లైడరు లేచి వాటర్ వర్క్స్ గోడ మీదుగా సాగింది.

"కాస్త ఎడమకి తూగుతోంది," అన్నాడు కెప్టెన్. "ఆఁ, సర్దుకుంది. పైకి పోతోంది చూడండి."

"మీవి గద్ద కళ్లండీ కెప్టెన్ గారూ," అన్నాడు డాక్టరు.

కెప్టెన్ మీసం కింద నవ్వుకున్నాడు. ఆయన చూపు గ్లైడరుకు జానెడు పక్కన, ఖాళీ ఆకాశంలో ఉంది.

పిన్ని కూడా అలా చూడాలనుకుంది. గ్లైడరును వదిలి దాని పక్కన చూసింది. కంటి చివర ఏదో తెల్లగా, మెత్తగా జరుగుతోంది. అంచులు లేవు, పక్కటెముకలు లేవు. కదలిక ఒక్కటే ఉంది. అలాగే చూస్తూ నిలబడింది.

కెప్టెన్ ఆమె భుజం తట్టాడు.

"ఎటు చూస్తున్నావమ్మాయ్? గ్లైడరు అటుంటే."